చెల్లి లండన్ పోవాలంటే మూడెకరాలు కావాలట



పోయిన ఆదివారం మా ఇంటి ముందు ఒక బుల్లెట్ బండి ఆగింది. దిగినాయన మా ఊరివాడు కాదు గానీ, మా ఊరి భూముల్లో ఇరవై ఏళ్ళుగా మిర్చి పండిస్తున్నాడు. పేరు రాయను. మీ ఊళ్ళోనూ ఇలాంటి ఒకాయన ఉంటాడు, ఆ పేరు వేసుకుని చదువుకోండి.

చేతిలో కిలో మిఠాయి పెట్టె. "చెల్లెమ్మకు లండన్‌లో సీటొచ్చిందంట గదా, మనూరికే పేరు" అన్నాడు. సీటొచ్చింది లండన్‌లో కాదు, ఇంగ్లండ్‌లో ఇంకో ఊళ్ళో. మా దగ్గర ఇంగ్లండ్ మొత్తం లండనే. నాయిన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. టీ తాగాక అసలు మాట బయటికొచ్చింది. వీసా కోసం బ్యాంకులో చూపించాల్సిన డబ్బు ఆయన సర్దుతాడు. విమానం టికెట్ కూడా ఆయనే కొంటాడు. వడ్డీ వద్దు. బదులుగా రోడ్డు పక్కన మా మూడెకరాలు పదిహేనేళ్ళు ఆయన చేసుకుంటాడు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెల్లకాగితం మీద నాయిన వేలిముద్ర చాలు. లేచేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ వన్ ఆఫ్ సెవెంటీ లేకపోతే బ్యాంకే ఇచ్చేది తమ్ముడూ, నా దాకా వచ్చే పనే ఉండేది కాదు. మీ చట్టమే మీ పిల్లల కాళ్ళకు అడ్డం పడుతోంది."

మిఠాయి పెట్టె ఆయన బండి మీదే పెట్టి పంపించాను. నాయిన ఏమీ అనలేదు. చెల్లి మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నీళ్ళు తోడుతూ అడిగింది. "అన్నా, నువ్వు మీటింగుల్లో భూమి గురించి మాట్లాడతావు. బాగానే మాట్లాడతావు. జూలై నెలాఖరుకి అడ్వాన్స్ కట్టాలి. నేనేం చెయ్యాలో చెప్పు."

నాకు నోట మాట రాలేదు. అది అడిగినదానికి జవాబు వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసం ఇది. చదివే మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇదే ప్రశ్న ఉందని నాకు తెలుసు. ఈ నెలలోనే ముగ్గురు ఫోన్ చేశారు, ఇద్దరు ఏజెన్సీ నుంచి, ఒకరు ఉట్నూరు వైపు నుంచి.

ముందు మనవాళ్ళతో మాట్లాడాలి. విషయం తెలిసినప్పటి నుంచి సంఘంలో కొందరు పెద్దలు నన్ను పక్కకు పిలిచి అంటున్నారు: "చదువుకున్నోళ్ళంతా పోతే ఊళ్ళో ఎవరుంటారు? పోయినోళ్ళు తిరిగొస్తారా? ఉద్యమంలో తిరిగే నీ ఇంటి నుంచే పోవడమేంది?" పెద్దల మీద గౌరవం ఉంచుకునే చెప్తున్నా, ఈ మాట నేను ఒప్పుకోను. మన పిల్లలు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల ముందు సెక్యూరిటీ గార్డులుగా నిలబడటానికి పోయినప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. మిర్చి కోతలకు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు కూడా అడగలేదు. కూలికి పోతే బతుకుదెరువు, చదువుకి పోతే ద్రోహమా?

సముద్రం దాటడం ఆదివాసీలకు కొత్త కాదు. 1838లో కలకత్తా రేవు నుంచి విట్‌బీ, హెస్పరస్ అని రెండు ఓడలు బ్రిటిష్ గయానా చెరకు తోటలకు మనుషుల్ని మోసుకెళ్ళాయి. అందులో ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలున్నారు. వాళ్ళను తెల్లదొరల కాగితాల్లో "కొండ కూలీలు" అని రాసుకున్నారు. అప్పుడు వాళ్ళ బ్యాంకు ఖాతా ఎవరూ అడగలేదు, ఇంగ్లీషు పరీక్ష పెట్టలేదు. చేతులు కావాల్సి వచ్చినప్పుడు తలుపులు బార్లా తెరిచారు. బుర్ర పట్టుకుని వస్తామంటేనే కాగితాలు.

జైపాల్ సింగ్ ముండా పేరు మన ప్రతి సభలో చెప్తాం. ఖూంటీ దగ్గర టక్రా అనే ముండా ఊళ్ళో 1903లో పుట్టినాయన ఆక్స్‌ఫర్డ్ సెయింట్ జాన్స్ కాలేజీలో చదివాడు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకి కెప్టెన్. ఐసీఎస్ వదులుకున్నాడు. ఆఫ్రికాలో గోల్డ్ కోస్ట్‌లో, అంటే ఇప్పటి ఘనాలో, పాఠాలు చెప్పాడు. ఎన్నో ఏళ్ళు బయటే తిరిగాడు. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యాడు, 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి నేను జంగ్లీనే అని గర్వంగా చెప్పుకున్నాడు. ఆయన టక్రాలోనే ఉండిపోతే ఆ సభలో మన తరఫున ఆ ఇంగ్లీషులో ఎవరు మాట్లాడేవారో పెద్దలే చెప్పాలి. ఇంకో సంగతి. ఆయన వెళ్ళింది రాంచీ మిషన్ స్కూల్ ప్రిన్సిపాల్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే. ఈ రోజు మన పిల్లల చెయ్యి పట్టుకోవడానికి వస్తున్నది ఎవరు? మిర్చి షావుకారు, కన్సల్టెన్సీ వాడు.

అసలు మనవాళ్ళు బయటికి ఎందుకు చూస్తున్నారో కూడా చూడండి. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000లో వచ్చిన జీవో నెం. 3ని నమ్ముకుని ఎంతమంది డైట్, బీఈడీ చేశారు? 2020 ఏప్రిల్ 22న, అందరం లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చున్నప్పుడు, సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత దాని స్థానంలో గట్టిగా నిలబడే చట్టం తెస్తామని ఎంతమంది లీడర్లు మైకుల్లో చెప్పారో మీరే లెక్కపెట్టుకోండి. సొంత ఊళ్ళో ఉద్యోగం తలుపు మూసేసి, దూరం పోతున్నావేమని అడగడం న్యాయం కాదు.

కాబట్టి చెల్లి పోవాలి. నా మటుకు నాకు అందులో అనుమానం లేదు. బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్ళు కాంట్రాక్టు మీద ఆసుపత్రిలో పనిచేసింది. వానాకాలం వస్తే జ్వరాలతో వార్డు నిండిపోవడం, మంచానికి తాళ్ళు కట్టి బాలింతల్ని వాగు దాటించడం కళ్ళతో చూసింది. ఒక్కొక్కరికి సూది వెయ్యడం కాదన్నా, ఊరికి ఊరే ఎందుకు జబ్బు పడుతుందో చదవాలి అంటుంది. దాన్నే పబ్లిక్ హెల్త్ అంటారట. ఏడాది కోర్సు.

ఇప్పుడు డబ్బు లెక్క చెప్తా. ఓపికగా వినండి, ఎందుకంటే ఈ లెక్క దగ్గరే మనవాళ్ళు పడిపోతున్నారు.

ఆ యూనివర్సిటీ ఫీజు మన డబ్బులో పదహారు లక్షల పైన. ఫీజు కాక బతకడానికి నీ దగ్గర డబ్బు ఉందని బ్రిటన్‌కు రుజువు చూపించాలి. లండన్ బయట అయితే తొమ్మిది నెలల ఖర్చు కింద పది వేల పౌండ్లకు పైగా, అంటే పన్నెండు లక్షల పైనే. అది ఖాతాలో ఒక్క రోజు ఉంటే సరిపోదు, వరసగా 28 రోజులు నిలవాలి. ఒక్క రోజు తగ్గినా వీసా పోయినట్టే. వీసా ఫీజు ఐదు వందల పౌండ్ల పైనే. వాళ్ళ ఆసుపత్రుల కోసం ముందే కట్టాల్సిన సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఇంగ్లీషు పరీక్ష, టీబీ పరీక్ష, హైదరాబాద్ తిరుగుళ్ళు వేరే. మా నాయిన తునికాకు కల్లంలో, పత్తి చేలో, ఉపాధి పనిలో కలిపి సంపాదించేదాంట్లో 28 రోజులు ఖాతాలో నిలిచింది ఏనాడూ ఐదు వేలు దాటలేదు.

"ప్రభుత్వ పథకాలున్నాయి గదా" అంటారా? ఉన్నాయి. ఢిల్లీలో గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికి. దేశం మొత్తానికి 20. అందులో మూడు పీవీటీజీలకు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీలు 10 కోట్ల 42 లక్షల మంది. యాభై లక్షల మందికి ఒక సీటు లెక్కన పడుతుంది. మన దళిత సోదరుల స్కాలర్‌షిప్ అయితే ఇంకా విచిత్రం. 2022లో దాని నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక విషయాల మీద చదవడానికి విదేశాలకు పోతామంటే డబ్బు ఇవ్వమని రాశారు. నీ సొంత జనం గురించి తప్ప ఏదైనా చదువుకో అని అర్థం.

తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. 20 లక్షలు. మంచి పథకమే, దాని వల్ల పోయినవాళ్ళు నాకు తెలుసు. ఆంధ్ర వైపు కూడా ఇలాంటిది పెట్టారు గానీ ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది, పేరుతో పాటు షరతులూ మారతాయి. తెలంగాణ పథకంలో డబ్బు ఎప్పుడొస్తుందో గమనించారా? విమానం దిగి, ఆ దేశంలో అడుగుపెట్టినట్టు కాగితం పంపితే మొదటి విడత. మొదటి సెమిస్టర్ మార్కులు పంపితే రెండో విడత. అంటే ముందు నువ్వు ఎలాగోలా అక్కడికి చేరాలి, చేరినాక చేయి అందిస్తారు. వాగు దాటినోడికే పడవ ఇస్తామన్నట్టుంది.

ఈ పథకం రాసినాయన దుర్మార్గుడు కాకపోవచ్చు. ఆయన మనసులో ఉన్న విద్యార్థికి ఇంట్లో ఒక ఉద్యోగం, పట్నంలో ఒక ప్లాటు, అప్పు ఇచ్చే ఒక మేనమామ ఉండి ఉంటారు. ఆదాయం తక్కువని సర్టిఫికెట్ తెమ్మంటారు, అదే చేత్తో పాతిక ముప్పై లక్షలు ముందు నువ్వే పెట్టుకో అంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోకే మా ఇంటి ముందుకు బుల్లెట్ బండి వచ్చింది.

నా సీనియర్ ఒకడు ఇలాగే పోయాడు. బ్యాంకులో చూపించడానికి డబ్బు 28 రోజులకు అద్దెకు తెచ్చారు. అవును, డబ్బు కూడా అద్దెకు దొరుకుతుంది, లక్షకు ఇంత అని. టికెట్‌కి, అడ్వాన్స్ ఫీజుకి వాళ్ళ నాయన కౌలు కాగితం రాసిచ్చాడు. పోయాక మొదటి విడత కోసం వాడు అక్కడి నుంచి మెయిల్స్ పెట్టాడు, ఇక్కడ నేను ఒక ఆఫీసు చుట్టూ ఫైలు కోసం తిరిగాను. "మీవాడి లాండింగ్ కాగితం మీద పేరు ఒకలా ఉంది, కులం సర్టిఫికెట్ మీద ఇంకోలా ఉంది" అన్నారు. ఇంటిపేరు స్పెల్లింగ్‌లో ఒక అక్షరం. ఆశ్రమ పాఠశాలలో చేర్చిన సారు రాసిన తప్పు అది. ఆ అక్షరం దిద్దించేసరికి వాడు అక్కడ రాత్రిపూట గోదాములో డబ్బాలు ఎత్తుతూ రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాడు. డబ్బు చివరికి వచ్చింది. భూమి మాత్రం ఇంకా రాలేదు. కౌలు పేరుతో తీసుకున్నాయన ఇప్పుడు బోరు వేశాడు, షెడ్డు కట్టాడు.

ఇక ఆ వన్ ఆఫ్ సెవెంటీ మాటకొద్దాం. ఈ మాట మిర్చి షావుకారు ఒక్కడే అనడం లేదు. పట్నంలో మన మేలు కోరేవాళ్ళమని చెప్పుకునే మేధావులూ అంటున్నారు. నిజం చెప్పాలంటే మన ఉద్యోగస్తుల్లో కొందరు కూడా అంటున్నారు. "భూమి ఉండీ బ్యాంకులో పెట్టుకోలేకపోతున్నాం, చట్టం కొంచెం సడలిస్తే మన పిల్లలు కూడా అమెరికా పోతారు." వినడానికి ఎంత బాగుందో చూడండి! మన పిల్లల చదువుని గడ్డపారగా చేసి మన గోడనే తవ్వుతున్నారు.

చట్టం ఏం చెప్తోంది? షెడ్యూల్డ్ ఏరియాలో భూమి ఎవరి చేతిలో ఉన్నా సరే, ఎస్టీ కానివారికి బదలాయిస్తే అది చెల్లదు. 1959 రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ సారం ఇదే. సరిగ్గా చదవనివాళ్ళకు తెలియంది ఇంకోటి ఉంది. ఆ మరుసటి ఏడాదే, 1971లో, ఇంకో సవరణ చేసి సహకార భూమి తనఖా బ్యాంకులకు, ప్రభుత్వం ఆమోదించిన ఆర్థిక సంస్థలకు భూమి తనఖా పెట్టుకునే వీలు కల్పించారు. ఒకటే షరతు. బాకీ తీర్చకపోతే ఆ భూమిని మళ్ళీ ఎస్టీకే అమ్మాలి. అంటే తనఖాకు చట్టం అడ్డం లేదు. ఆ భూమిని రియల్ ఎస్టేట్ ధరకు బయటివాడికి అమ్ముకునే దారి లేదు గనక బ్యాంకుకి అది రుచించడం లేదు. "చట్టం వల్ల అప్పు రావడం లేదు" అనే మాటకు అసలు అర్థం "మీ భూమి గుంజుకుని అమ్ముకునే వీలుంటేనే అప్పిస్తాం" అని. పోడు భూమి సంగతి చూస్తే, అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పత్రం వారసులకు పోతుంది గానీ అమ్మకానికీ బదిలీకీ పనికిరాదు. అలా రాసి ఉండబట్టే ఆ రెండెకరాలు ఇంకా మా పేరున ఉన్నాయి.

సరే, రేపే 1/70 పోయిందనుకుందాం. మా మూడెకరాలు బ్యాంకులో పెట్టి చెల్లి పోయింది. అక్కడ ఉద్యోగం దొరకలేదు, వీసా అయిపోయింది, తిరిగొచ్చింది. కంతులు ఆగాయి. వేలంలో ఆ భూమి ఎవరు కొంటారు? అదే బుల్లెట్ బండి. ఇప్పుడు తెల్లకాగితం మీద దొంగచాటుగా అడుగుతున్నది అప్పుడు స్టాంపు కాగితం మీద దర్జాగా తీసుకుంటాడు. అంతే తేడా. చెల్లి చదువు మీద ఆయనకు ఎందుకంత ప్రేమో ఇప్పుడు అర్థమైందా?

మరి భూమి లేకుండా అప్పు ఎలా? బ్యాంకుల విద్యారుణం పద్ధతిలో ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. ఆ పైన అడుగుతారు. ఆ పైన ఉన్న మొత్తానికి పూచీ ఎవరుండాలి అన్నదే ప్రశ్న. నేనంటాను, ప్రభుత్వం ఉండాలి. ఎస్టీ సహకార ఆర్థిక సంస్థ, మన ట్రైకార్, పూచీకత్తు రాసి బ్యాంకుకి ఇవ్వాలి. వ్యాపారాలకు హామీ ఉండటం ప్రభుత్వాలకు చేతకాని పనేం కాదు. ఇంకో దారి దీనికంటే సులువైంది. విద్యార్థి సొంత దేశపు ప్రభుత్వం ఖర్చు భరిస్తున్నట్టు ఉత్తరం ఇస్తే, ఖాతాలో డబ్బుకి బదులు అది చూపించుకోవచ్చని బ్రిటన్ నిబంధనల్లోనే ఉంది. 20 లక్షలు ఎలాగూ ఇస్తారు గదా. ఆ ఇచ్చేదేదో అక్కడ చెల్లుబాటయ్యే ఉత్తరంగా వీసాకు ముందే ఇవ్వొచ్చు గదా. హైదరాబాద్, ఢిల్లీ కూర్చుని ఒక నమూనా తయారుచేయడానికి ఎన్ని ఏళ్ళు కావాలి? మొదటి విడత నేరుగా యూనివర్సిటీ ఖాతాలో వేస్తే ఎవరూ ఎగ్గొట్టలేరు కూడా. డబ్బు అదే, ఖజానాకి అదనంగా పడే భారం లేదు. రావాల్సిన రోజు కంటే నాలుగు నెలలు ముందు రావాలి, అంతే.

కన్సల్టెన్సీల గురించి ఎక్కువ రాయను, వాళ్ళకు అంత విలువ ఇవ్వక్కర్లేదు. ఒక్కటి చెప్పాలి. వాళ్ళు అమ్మేది చదువు కాదు, "సెటిల్మెంట్". చెల్లితో పాటు నేనూ ఒక దాని దగ్గరికి పోయా. ఏసీ గది, గోడ మీద జెండాలు. "పీఆర్ గ్యారంటీ మేడమ్, ఐదేళ్ళలో సెటిల్" అన్నాడు. చెల్లి ఫోన్ తీసి చూపించింది, చదువుకున్న పిల్ల గదా. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ళ వీసాను 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు ఏడాదిన్నరకు తగ్గిస్తున్నారు. శాశ్వత నివాసానికి ఐదేళ్ళు కాదు, మామూలుగా పదేళ్ళు చేస్తామని అక్కడి ప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్ళు కుటుంబాన్ని తీసుకుపోవడానికి లేదు. వాడు నీళ్ళు నమిలి "కెనడా చూద్దామా మేడమ్" అన్నాడు. కెనడా 2024లో స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెట్టింది, చూపించాల్సిన డబ్బు పది వేల డాలర్ల నుంచి ఇరవై వేల పైకి పెంచింది. ఏ దేశమైనా అంతే, జెండా రంగు మారుతుంది గానీ తలుపు సందు మాత్రం ఏటేటా సన్నబడుతోంది.

అమెరికా పోయే తమ్ముళ్ళకు ఇంకో చిక్కు. కిటికీ దగ్గర నిలబడి, చదువయ్యాక తిరిగి వెళ్ళిపోతానని ఆ ఆఫీసర్‌ని నమ్మించాలి. ఇంటి దగ్గర నీకేం ఉంది, ఎందుకు తిరిగొస్తావు అని చూస్తారు. అదే సమయంలో నలభై లక్షల అప్పు చేసినవాడు తిరిగొస్తే ఆ అప్పు తీరదు. తిరిగొస్తానని ప్రమాణం చేసి, తిరిగి రాకూడదని మొక్కుకుంటూ విమానం ఎక్కుతున్నారు. ఆపైన హెచ్‌1బీ లాటరీ, దాని మీద 2025 సెప్టెంబర్‌లో పెట్టిన లక్ష డాలర్ల రుసుము, దేశానికి ఏడు శాతం దాటకుండా ఇచ్చే గ్రీన్ కార్డుల క్యూలో దశాబ్దాలు. కాలికి అప్పు కట్టుకుని ఈ నీళ్ళలో దిగొద్దు.

ఇప్పుడు అందరూ అడగడానికి మొహమాటపడే మాట. అక్కడే ఉండిపోతే?

ఉండిపోనీండి. అది వాళ్ళ బతుకు. తిరిగి రానివాళ్ళను తిట్టే హక్కు, వాళ్ళు పోయేటప్పుడు రూపాయి ఇవ్వనివాళ్ళకు అసలు లేదు. కానీ మనకు "ఉండిపోవడం" అంటే మైదాన ప్రాంతపోళ్ళకు ఉన్న అర్థం కాదు. ఇది కాస్త ఆలోచించి పోవాలి. మన దేశ చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. అక్కడి పాస్‌పోర్టు తీసుకున్న రోజున ఇక్కడి ఓటు పోతుంది. ఓటు పోతే మనకు పోయేది ఎమ్మెల్యేని ఎన్నుకునే హక్కు ఒక్కటే కాదు. 1996 పెసా చట్టంలో గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళు. గనికి ఒప్పుకోవాలా వద్దా, ఇసుక రీచ్ ఎవరికి అని ఊరు కూర్చున్నప్పుడు చెయ్యెత్తే హక్కు ఆ జాబితాలోంచే వస్తుంది. ఓసీఐ కార్డు తీసుకుంటే వారసత్వంగా భూమి రావొచ్చు గానీ, వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. అస్సాం తేయాకు తోటలకు పోయిన మన జార్ఖండ్ వాళ్ళు దేశం దాటి కూడా పోలేదు. అయినా వాళ్ళ మనవలు ఈ రోజుకీ అక్కడ ఎస్టీ హోదా కోసం రోడ్డెక్కుతున్నారు. మరి సముద్రం దాటిపోయి అక్కడే పిల్లల్ని కన్నవాళ్ళు, ఆ పిల్లలకు మీ గట్టు ఏంటి, మీ వేలుపు ఎవరు అని ఏ భాషలో చెప్తారో పోకముందే ఒకసారి అనుకోండి. చెల్లిని ఇదే అడిగా. "కోయలోనే చెప్తా, నువ్వు ముందు నీ కూతురికి నేర్పు" అంది. నా కూతురు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. దెబ్బ సరిగ్గానే తగిలింది.

అక్కడ తెలుగువాళ్ళ మధ్య కూడా అంత తేలిగ్గా ఉండదు. ఉగాది ఫంక్షన్‌లో ప్లేటు చేతికిచ్చి "ఏ జిల్లా, ఇంటిపేరేంటి, మీరేమిట్లు" అని అడుగుతారు. ఆ ప్రశ్న విమానం ఎక్కి మనకంటే ముందే అక్కడికి చేరింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చిందంటే ఊరికే కాదు.

అయితే దూరంగా ఉన్నవాళ్ళతో పని లేదని కూడా అనను. నియమగిరి గుర్తుందా? కొండను తవ్వడానికి వచ్చిన కంపెనీ తల్లివేరు లండన్‌లో ఉండేది. ఆ కంపెనీ వాటాలను చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో వదిలించుకుంది. అక్కడ ఎవరో అడిగినవాళ్ళు ఉండబట్టే. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చమంటే, పన్నెండుకి పన్నెండు ఊళ్ళు వద్దన్నాయి. లండన్‌లో అడిగినవాళ్ళు కావాలి, కొండ మీద చెయ్యెత్తినవాళ్ళూ కావాలి. కొండ మీద డోంగ్రియా కోందులు చెయ్యెత్తగలిగింది వాళ్ళ కాళ్ళ కింద నేల ఇంకా వాళ్ళదే గనక.

అందుకే నాయినకు, చెల్లికి, మీకు కూడా ఒకటే చెప్తున్నా. పోండి. పోయేదాకా ప్రతి కాగితానికీ సంఘం మీ వెంట తిరుగుతుంది. స్పెల్లింగ్ తప్పులు ఇప్పుడే, పాస్‌పోర్టు కంటే ముందే, పదో తరగతి మెమో దగ్గర్నుంచి చూసుకోండి. చదువు ఫీజు తక్కువగా ఉండే దేశాలు కూడా చూడండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ఫీజు తీసుకోవు, ఖర్చుల డబ్బు మాత్రం చూపించాలి. కన్సల్టెన్సీ వాడు దాని ఊసెత్తడు, కమీషన్ రాదు గదా. కానీ భూమి కాగితం మీద వేలిముద్ర మాత్రం వద్దు. కౌలు అన్నా వద్దు, చేబదులు అన్నా వద్దు, "నోటు రాసి పెట్టుకుందాం, మన మధ్య ఏముంది" అన్నా వద్దు. ఈ ఏడాది కుదరకపోతే సీటు వచ్చే ఏడాదికి వాయిదా వేయమని యూనివర్సిటీకి రాయొచ్చు, చాలా చోట్ల ఒప్పుకుంటారు. భూమికి అలాంటి వాయిదా ఉండదు.

ఇది రాసి చెల్లికి చూపించా. మొత్తం చదివింది. "వాయిదా గురించి నువ్వు తేలిగ్గా రాశావు, వెయిట్ చేసేది నేను" అంది. తీసెయ్యమంటావా అంటే, "ఉంచు, కానీ నేనన్న మాట కూడా రాయి" అంది. రాశాను.

నిన్న పొద్దున నాయిన ఆ మూడెకరాల్లో అరక కట్టాడు. విత్తనాల పండుగ అయిపోయింది, వాన పడితే గింజ వెయ్యడమే. రోడ్డు మీద బుల్లెట్ బండి రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది, ఆగలేదు. జూలై నెలాఖరుకి ఇంకా ఐదు వారాలుంది.

వచ్చే సోమవారం భద్రాచలం ఐటీడీఏలో గిరిజన దర్బార్‌కి పోతున్నాం. వీసాకు ముందే మంజూరు ఉత్తరం ఇవ్వాలని, మొదటి విడత నేరుగా యూనివర్సిటీకి కట్టాలని, ఏడున్నర లక్షల పైన రుణానికి ట్రైకార్ పూచీ ఉండాలని అర్జీ రాశాం. ఇప్పటికి నాలుగు సంతకాలున్నాయి. ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నవాళ్ళు, వచ్చే ఏడాది రాయబోయేవాళ్ళు, పిల్లల్ని పంపి భూమి పోగొట్టుకున్న తల్లిదండ్రులు కూడా రండి. ఆఫర్ లెటర్, కులం సర్టిఫికెట్, పహాణీ జిరాక్స్ రెండేసి కాపీలు తెచ్చుకోండి. పది గంటలకల్లా గేటు దగ్గర ఉంటాం. చెల్లి కూడా వస్తుంది, అర్జీ అదే చదువుతుంది.